కుచ్చు పిచ్చుకకి... చెట్టు ఉడుతకి!

పిట్టలకి నాలుగు గింజలు పెడదామని పెరట్లో ఏదో ఒకటి వేలాడదీసి చూడండి. మొదట వచ్చేది పిట్ట కాదు, ఉడుత! అది తిష్ఠ వేశాక పిట్ట ఆ దరిదాపులకి రాదు. వచ్చినా గోడమీద వాలి, అటూ ఇటూ చూసి, 'మనకెందుకొచ్చిన గొడవ' అన్నట్టు ఎగిరిపోతుంది. హైదరాబాదైనా, అమలాపురమైనా, అమెరికా అయినా ఇదే వరస.

ఉడుతని రానివ్వకుండా పిట్టకి తిండి పెట్టడం ఎలా? వినడానికి ఇంత చిన్న ప్రశ్న. జవాబు దొరకడానికి మాత్రం మా ఇంట్లో దాదాపు ఏడాది పట్టింది. నవ్వుకోకండి. ఆ జవాబు మీదే ఒక పెద్దాయన మా ఇంట్లో ఉండడం, ఉండకపోవడం ఆధారపడింది మరి!

అమ్మ పోయిన ఏడాదికి నాన్నని హైదరాబాదు తెచ్చుకున్నాం. తమ్ముడు న్యూజెర్సీలో ఉంటాడు. కోనసీమలో అంత ఇంట్లో 72 ఏళ్ల మనిషి ఒక్కరే వండుకుని తినడం మా ఇద్దరికీ మనసొప్పలేదు. ఆయనకేమో రావడానికి మనసొప్పలేదు. 'కొడుకు దగ్గరంటే వేరు. కూతురింట్లో ఎన్నాళ్లమ్మా?' అన్నది ఆయన మాట. మావారు 'నేను మాత్రం కొడుకుని కాదా మావయ్యగారూ' అంటే నవ్వి ఊరుకునేవారు. కాఫీ ఇస్తే 'నీకెందుకమ్మా శ్రమ' అనేవారు. నా చిన్నతనంలో పొద్దుటే రెండోసారి కాఫీ కోసం వంటింటి గుమ్మంలో నిలబడి గట్టిగా దగ్గే మనిషి ఇలా మర్యాదలు చేస్తుంటే నాకేదో వెలితిగా ఉండేది.

సంక్రాంతికి ఊరెళ్లి తిరిగొస్తూ నాన్న ఒక వరి కుచ్చు తెచ్చారు. గోదావరి జిల్లాల వాళ్లకి చెప్పక్కర్లేదు. సార్వా పంట కోతల్లో మంచి కంకుల్ని పొడుగాటి కాడలతో సహా కోసి, ఆ కాడల్ని జడలా అల్లి, కంకులన్నీ కిందికి వేలాడేట్టు కట్టే గుత్తి అది. ఇంటి చూరుకో, గుడి మండపంలోనో కడతారు. అందానికి అందం, పిచ్చుకలకి భోజనం. నాన్న దాన్ని మా వెనక వరండాలో కొక్కేనికి తగిలించి, కింద కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

'ఇక్కడ పిచ్చుకలెక్కడివి నాన్నా?' అన్నాను.

'కుచ్చు ఉంటే అవే వస్తాయమ్మా' అన్నారు.

సైనిక్‌పురి వైపు మా కాలనీలో పిచ్చుకలు పూర్తిగా పోలేదు. వీధి చివర కిరాణా కొట్టు షట్టరు పైన నాలుగైదు జతలు కాపురం ఉంటున్నాయి. తొమ్మిదో రోజున ఒక జంట వచ్చింది. ఆవేళ నాన్న ఫోనులో తమ్ముడితో పావుగంట మాట్లాడారు. అంతకుముందు రెండు ముక్కల్లో ముగించేవారు. మా పాప పాత నోటుబుక్కులో 'పిచ్చుకల హాజరుపట్టీ' మొదలుపెట్టింది. తాతయ్య చెప్పడం, అది రాయడం.

హాజరుపట్టీలో రెండు వారాలకే సున్నాలు పడ్డాయి. జామచెట్టు మీది ఉడుతలు కుచ్చుని కనిపెట్టాయి! పిచ్చుక అయితే కంకిని పట్టుకుని వేలాడుతూ ఒక్కో గింజే ఒలుచుకుని తింటుంది. ఉడుతకి అంత ఓపిక లేదు. కంకినే కొరికి తుంచి, కొంత తిని, తక్కినది కింద పారేస్తుంది. నెలన్నర రావాల్సిన కుచ్చు మూడు రోజుల్లో వట్టి గడ్డి అయిపోయింది. నాన్న నేలమీద రాలిన పొట్టు ఊడ్చి, కుర్చీ లోపల పెట్టేశారు. రాత్రి భోజనాల దగ్గర మెల్లగా అన్నారు... 'గౌతమికి టిక్కెట్టు ఒకటి చూడమ్మా. ఊళ్లో కాస్త పనుంది.'

ఊళ్లో పనేమీ లేదని అందరికీ తెలుసు. జర్నలిజం డిప్లొమా నాకు నేర్పిన విద్య ఒక్కటే... తెలియని విషయం మీద తెలిసినవాళ్లని విసిగించడం. 'వారం ఆగండి నాన్నా, ఈ ఉడుతల సంగతేదో చూద్దాం' అని ఆ విద్యకి పని చెప్పాను.

తాడు మీద నడిచే జాతి

ముందు శత్రువెవరో తెలుసుకోవాలిగా! దక్షిణాదిలో మనం రోజూ చూసే ఉడుతకి వీపు మీద మూడు చారలుంటాయి. ఉత్తరాదిన ఎక్కువగా కనిపించే జాతికి ఐదు. సేతువు కడుతున్నప్పుడు ఇసుకలో పొర్లి వచ్చి, ఒళ్లు దులిపి సాయం చేసిన ఉడుతని రాముడు మూడు వేళ్లతో నిమిరాడని మన కథ. వాల్మీకంలో ఇది లేదు కానీ, మన తెలుగులో గోన బుద్ధారెడ్డి రంగనాథ రామాయణంలో ఉంది. 'ఉడుతా భక్తి' అనే మాట దాంతోనే మనకి నిలిచిపోయింది. మరి ఐదు చారల ఉడుతల మాటేమిటని మా పాప అడిగితే, 'వాటిని ఎవరో మొత్తం చేత్తో నిమిరి ఉంటార్లే' అన్నారు నాన్న.

శాస్త్రవేత్తలు ఈ జాతికి పెట్టిన పేరు 'ఫునాంబ్యులస్'. లాటిన్‌లో ఆ మాటకి తాడు మీద నడిచేవాడని అర్థం! ఆ పేరు చదివాక సగం సందేహాలు తీరిపోయాయి. కుచ్చుని ఎంత సన్నటి తాడుకి కట్టినా, తీగకి కట్టినా దానికి లెక్కలేదన్నమాట. పైగా ఉడుతలు వెనక కాళ్ల మడమల్ని వెనక్కి తిప్పుకోగలవు. అందుకే తలకిందులుగా అంత దర్జాగా దిగుతాయి. ముందు పళ్లు బతికున్నన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి కాబట్టి ఏదో ఒకటి కొరుకుతూనే ఉండాలి. ప్లాస్టిక్ డబ్బాకి చిల్లులు పొడిచి గింజలు పోసి పెడితే, ఆ చిల్లుల్ని నాలుగు రోజుల్లో తలుపులు చేసేస్తాయి.

తమ్ముడి యుద్ధం

ఇండియాలో రాత్రయితే న్యూజెర్సీలో పగలు. తమ్ముడు వీడియో కాల్‌లో తన పెరడు చూపించాడు. అక్కడ పిట్టలకి తిండి పెట్టడం పెద్ద సరదా, పెద్ద వ్యాపారం కూడా. గింజల బస్తాలు, గింజలు పోసి వేలాడదీసే రకరకాల గొట్టాలు, గూళ్లు సూపర్‌మార్కెట్లోనే దొరుకుతాయి. వాటి వెనకాలే ఉడుతలు! అక్కడివి బూడిద రంగువి, బాగా పెద్దవి. బిల్ ఆడ్లర్ అనే ఆయన 1988లో ఉడుతల్ని తెలివిలో ఓడించడమెలాగో చెబుతూ ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. నాసాలో పనిచేసి బయటికొచ్చిన మార్క్ రాబర్ అనే ఇంజినీరు 2020లో తన పెరట్లో ఉడుతల కోసం సర్కస్ లాంటి అడ్డంకుల దారి కట్టి వీడియో తీశాడు. ఉడుతలు అన్నీ దాటేశాయి. అంగారకుడి మీదికి వెళ్లిన రోవర్ కోసం పనిచేసిన మనిషి, పెరటి ఉడుత దగ్గర చేతులెత్తేశాడు!

తమ్ముడు చెప్పిన వాటిలో రెండు నాకు బాగా నచ్చాయి.

మొదటిది బరువు కిటుకు. పిట్ట వాలితే తెరుచుకునే ఉండి, ఉడుత ఎక్కితే దాని బరువుకి మూసుకుపోయే గింజల గొట్టం. అక్కడి ఉడుత ఇంచుమించు అర కిలో ఉంటుంది. గింజలకొచ్చే చిన్న పిట్టలు దాని ముందు చాలా తేలిక. కాబట్టి స్ప్రింగు తేడా కనిపెట్టేస్తుంది. ఆన్‌లైన్‌లో తెప్పిద్దామా అనుకున్నాం. నాన్నే లెక్క వేశారు. మన ఉడుత తూగేది ఓ వంద గ్రాములు. రామచిలుకా ఇంచుమించు అంతే. పావురం మూడింతలు. 'ఆ స్ప్రింగు మన దగ్గర పావురానికి తలుపు మూస్తుంది, ఉడుతకి తీస్తుంది. చిలక్కీ ఉడుతకీ తేడా తెలియక తికమకపడుతుంది' అన్నారు. సహకార సంఘంలో ముప్ఫై ఏళ్లు కాటా దగ్గర కూర్చున్న అనుభవం ఊరికే పోతుందా!

రెండోది దూరం లెక్క. అక్కడివాళ్లు దీన్ని 'ఐదు, ఏడు, తొమ్మిది' అంటారు. గింజల గూడు నేల నుంచి కనీసం 5 అడుగుల ఎత్తులో ఉండాలి. పక్కనున్న చెట్టుకో గోడకో 7 అడుగుల దూరంలో ఉండాలి. పైనున్న కొమ్మకి 9 అడుగుల కింద ఉండాలి. ఎందుకంటే ఉడుత కింది నుంచి ఎగిరేదానికంటే పక్కకి ఎక్కువ దూకుతుంది, పైనుంచి అంతకంటే ఎక్కువ దూరం దూకుతుంది. నాన్న ఆ మూడు అంకెల్ని పాప నోటుబుక్కులో రాయించుకున్నారు. అప్పటికేమీ అనలేదు.

చిలక్కి మంట లేదు... ఉడుతకి ఉంది

కాలనీలో ఒకావిడ సలహా ఇచ్చారు... 'గింజల మీద కారం చల్లండి, ఉడుత మళ్లీ రమ్మన్నా రాదు' అని. పిట్టల నోరు మండదా అని నా అనుమానం. మండదట! ఇది తెలిశాక నేనైతే ఆశ్చర్యపోయాను. మిరపకాయలో మంట పుట్టించే పదార్థం క్యాప్సైసిన్. మనకీ, ఎలుకలకీ, ఉడుతలకీ నోట్లో దాన్ని పసిగట్టే ఏర్పాటు ఉంది. పక్షుల్లో ఆ ఏర్పాటు ఈ పదార్థానికి స్పందించదు. కోడిలో అది ఎలా పనిచేస్తుందో పరిశీలించి, 2002లో ఈ సంగతి నిరూపించిన బృందానికి డేవిడ్ జూలియస్ నాయకుడు. వేడినీ మంటనీ శరీరం ఎలా పసిగడుతుందో కనిపెట్టినందుకు ఆయన 2021లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి పంచుకున్నారు.

మిరప మొక్క చేసుకున్న ఈ ఏర్పాటు వెనక పెద్ద ఎత్తుగడే ఉంది. ఎలుక జాతి జంతువులు విత్తుని నమిలేస్తాయి, అది ఇక మొలవదు. పక్షికి పళ్లు లేవు. పండు మింగి, విత్తుని వేరేచోట చెక్కుచెదరకుండా వదిలేస్తుంది. అమెరికాలోని అరిజోనాలో అడవి మిరప మీద చేసిన ఈ పరిశోధన 2001లో 'నేచర్' పత్రికలో వచ్చింది. అంటే మిరప తన కారాన్ని ఎవరికి వడ్డించాలో ఎంచుకుందన్నమాట. పంజరంలో చిలక ఎర్రటి మిరపపండుని చాక్లెట్‌లా చప్పరించడం వెనక ఇంత కథ!

అమెరికాలో కారం పూత పూసిన గింజలు అమ్ముతారు. మన దగ్గర గుంటూరు కారానికి కొదవా? కానీ పొడి కారం గాలికి లేస్తుంది. ఉడుత కళ్లలోనే కాదు, కింద ఆడుకునే పిల్లల కళ్లలోనూ పడుతుంది. నాన్న అయితే మాట పూర్తిగా వినకుండానే చెయ్యి అడ్డంగా ఊపారు. 'ఆకలేసి వచ్చినదానికి కళ్లలో కారం కొడతామా? అది తెలిసి దొంగతనం చేస్తోందా ఏమన్నా?'

స్తంభానికి గ్రీజు పూయడం ఇంకో చిట్కా. అది అసలే వద్దు. గ్రీజో నూనో అంటుకుంటే ఈకలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. పిట్టకి చలి ఆగదు, వాన ఆగదు, సరిగ్గా ఎగరలేదు. ఉడుత కోసం పెట్టింది పిట్ట ప్రాణం మీదికి వస్తుంది.

ఆదివారం పొద్దుట...

ఇంతలో ఒక ఆదివారం పొద్దుట వెనకింటి పిట్టగోడ మీంచి సన్నటి కీచుమని అరుపు. ఎవరో ఎలుకల కోసం జిగురు అట్ట పెట్టారు. దాని మీద ఉడుతపిల్ల! నాలుగు కాళ్లూ, పొట్టా అతుక్కుపోయి ఉంది. విడిపించుకోబోయినకొద్దీ మరింత కూరుకుపోతోంది. పక్కనే అట్ట మీద రెండు పిచ్చుక ఈకలు. పిచ్చుక ఎలాగో తప్పించుకుపోయినట్టుంది.

నాన్న తుండుగుడ్డ దాని తల మీద కప్పారు. మావారు వంటనూనె గిన్నె తెచ్చారు. నూనె చుక్కలు చుక్కలుగా వేస్తూ ఒక్కో కాలూ విడదీయడానికి ముప్పావుగంట పట్టింది. పొట్ట దగ్గర కొంత బొచ్చు ఊడి అట్ట మీదే ఉండిపోయింది. బూడిద, గుడ్డ పెట్టి నూనె తుడిచి జామచెట్టు మొదట్లో వదిలారు. కాసేపు కదలకుండా ఉండి, తర్వాత మెల్లగా ఎక్కింది. పాప ఏడుపు ఆపలేదు. నాన్న చేతులు కడుక్కుంటూ అన్నారు... 'కుచ్చు తీసేద్దాం అమ్మాయ్. పిట్టకి పెట్టబోయి ఇంకోదాని ఉసురు పోసుకోవడమెందుకు?'

'జిగురు అట్ట మనం పెట్టలేదుగా నాన్నా!'

'మనం పెట్టలేదు. గింజల ఆశ చూపించి గోడ మీద రాకపోకలు పెంచింది మనమే కదా.'

దానికి నా దగ్గర జవాబు లేదు. వెనకింటివాళ్లని తప్పుపట్టడానికీ లేదు. వాళ్ల బాధ ఎలుకలతో. విషయం చెబితే అట్ట తీసేశారు. ఇలాంటి జిగురు అట్టలు వద్దని జంతు సంక్షేమ మండలి కూడా రాష్ట్రాలకు రాసింది. అది ఎలుకనీ, ఉడుతనీ, పిచ్చుకనీ, తొండనీ వేరు చేసి పట్టుకోలేదు. అతుక్కున్నది ఒక్కసారిగా చావదు కూడా. గంటల తరబడి నరకమే.

'పోనీ బోనులో పట్టి ఊరవతల చెట్లలో వదిలేయండి' అన్నారు ఇంకొకరు. వినడానికి ధర్మంగానే ఉంది. అమెరికాలో బూడిద ఉడుతల్ని అలా ఊళ్లోంచి అడవికి తరలించి చూశారు. చాలావరకు కొన్నాళ్లకే చనిపోయాయి, లేదా ఆచూకీ లేకుండా పోయాయి. కొత్తచోట తిండి ఎక్కడుందో, ఏ తొర్ర ఎవరిదో, ఆపదొస్తే ఎటు పారిపోవాలో వాటికి తెలియదు. పైగా పాతచోట ఖాళీ అయిన చెట్టుమీదికి వేరే ఉడుతలు వచ్చేస్తాయి. అంటే ఒకదాన్ని చంపుకుని ఇంకోదాన్ని పిలుచుకోవడమే. ఈ సంగతి నేను చదివి వినిపిస్తుంటే నాన్న మౌనంగా విన్నారు. చివర్లో 'ఎన్నో ఏళ్లున్న చోటు వదిలి వస్తే దేనికైనా అంతేనమ్మా' అన్నారు. ఆయన ఉడుతల గురించి ఒక్కదాని గురించే అన్నారని నేననుకోను.

కొబ్బరిచెట్టు చెప్పిన ఉపాయం

జవాబు చివరికి న్యూజెర్సీ నుంచి కాదు, కోనసీమ నుంచే వచ్చింది. ఓ సాయంత్రం నాన్న ఉన్నట్టుండి 'అమ్మాయ్, మన దొడ్లో కొబ్బరిచెట్లకి రేకు చుట్టేవాళ్లం గుర్తుందా?' అన్నారు. ఎలుకలు చెట్టెక్కి లేతకాయలు కొరికి పారేస్తాయి. అందుకని మనిషి ఎత్తుకి కాస్త పైన, చెట్టు మొదలుకి నున్నటి రేకు చుడతారు. కొందరు గరాటాని బోర్లించినట్టు రేకు గొడుగు కడతారు. ఎలుక అక్కడిదాకా వచ్చి, జారి, వెనక్కి తిరుగుతుంది. అమెరికావాళ్లు ఉడుతల కోసం స్తంభానికి తొడిగే గొడుగూ అచ్చం ఇదే! తమ్ముడు డాలర్లు పోసి కొన్నది మా దొడ్లో నలభై ఏళ్ల కిందటే ఉంది.

అయితే రేకు కట్టిన చెట్టు మట్టలు పక్క చెట్టు మట్టలకి తగలకూడదు. తగిలాయా, ఎలుక అటునుంచి వచ్చేస్తుంది. నోటుబుక్కులోని 'ఐదు, ఏడు, తొమ్మిది' సరిగ్గా ఇక్కడ పనికొచ్చింది. నాన్న టేపు పట్టుకుని పెరడంతా కొలిచారు. జామచెట్టుకీ, ప్రహరీకీ, వరండా చూరుకీ దూరంగా నడుమన ఒక చోటు తేల్చారు. మన ఉడుత చిన్నది, అంత దూరం దూకకపోవచ్చని నేనంటే, 'కొలత అన్నాక తగ్గించకూడదు' అన్నారు. అక్కడ ఎనిమిదడుగుల ఇనప గొట్టం పాతించారు. 5 అడుగుల ఎత్తులో అడుగున్నర వెడల్పున రేకు గొడుగు బోర్లించి బిగించారు. గొట్టం పైన అడ్డకొక్కేనికి కుచ్చు. కుచ్చు కొస గొడుగుకి అంటకుండా పైన వేలాడాలి. చెట్టు కొమ్మ ఒకటి మాత్రం కొట్టించక తప్పలేదు. మొత్తం ఖర్చు వెల్డింగు కుర్రాడి కూలితో కలిపి, ఆన్‌లైన్‌లో చూసిన స్ప్రింగు గొట్టం ధరలో సగం కూడా కాలేదు.

మొదటి రోజు ఉడుత గొట్టమెక్కింది. గొడుగు కింద ఆగింది. పైకి చూసింది. అంచు పట్టుకోబోయి జారింది. మూడుసార్లు ప్రయత్నించి, తోక ఎగరేసుకుంటూ వెళ్లిపోయింది. నాన్నా, పాపా కిటికీ వెనక నుంచి క్రికెట్ మ్యాచి చూసినట్టు చూశారు.

నాలుగో రోజు కుచ్చు మీద ఉడుత! ఎలా వచ్చింది? వాన పడుతోందని మావారు బట్టల తాడు ఒక కొస వరండా స్తంభానికీ, రెండో కొస ఆ గొట్టానికీ కట్టారు. ఫునాంబ్యులస్‌గారు మావారి లుంగీ మీదుగా దర్జాగా నడిచి వెళ్లారు. 'చూశారా అల్లుడుగారూ, దానికి రాచబాట వేశారు' అని నాన్న పగలబడి నవ్వారు. ఆయన ఈ ఇంట్లో అంత గట్టిగా నవ్వడం అదే మొదటిసారి.

తాడు తీసేశాక మళ్లీ రాలేదు. కుచ్చు నెల పైన నిలిచింది. కుచ్చు అయిపోతే కొత్తది వచ్చేదాకా అదే కొక్కేనికి పళ్లెం కట్టి నూకలు, కొర్రలు, సజ్జలు పోస్తున్నాం. వేరుశనగ గింజలు మాత్రం వేయం. ఉడుతకి అవంటే ప్రాణం, అనవసరంగా ఊరించినట్టవుతుంది.

మరి ఉడుతల మాట? నాన్న ఒక షరతు పెట్టారు... జామచెట్టు కాయలు ఇకనుంచి ఎవరూ అన్నీ కోయకూడదు. చేతికందేవి మనకి, పై కొమ్మలవి వాటికి. 'మనకంటే ముందు నుంచీ ఇక్కడున్నది అవే. వాటిని పొమ్మనడానికి మనమెవరం? ఎవరి విస్తరి వారికి వేస్తే ఎవరూ పక్క విస్తట్లో చెయ్యి పెట్టరు' అన్నారు.

అరకు గింజ అమెరికాలో

ఈ వెతుకులాటలో తెలిసిన ఇంకో ముచ్చట చెప్పకపోతే మనసాగదు. తమ్ముడి పెరట్లో ఒక గొట్టం జోలికి ఉడుతలు పెద్దగా వెళ్లవట. అందులో నల్లటి సన్న గింజలుంటాయి. పసుపు రంగు గోల్డ్‌ఫించ్ పిట్టలు వాటి కోసం గుంపుగా వస్తాయి. ఆ పిట్ట న్యూజెర్సీ రాష్ట్ర పక్షి కూడా. గింజ పేరు 'నైజర్' అన్నాడు. కెమెరా దగ్గరికి పెట్టి చూపిస్తే నాన్న వెంటనే గుర్తుపట్టారు... 'ఒరే, ఇవి వలిసెలు కదరా!'

అవును, వలిసెలే! చలికాలం మొదట్లో అరకు లోయకి వెళ్లినవాళ్లంతా పసుపుపచ్చటి పూల మధ్య నిలబడి ఫొటోలు దిగుతారు చూడండి, ఆ చేలల్లో పండేవి. మన్యం రైతులు నూనె కోసం పండించే ఈ గింజల్ని అమెరికా ఇథియోపియా నుంచీ, మన దేశం నుంచీ పిట్టల మేతకని కొనుక్కుంటుంది. కలుపు విత్తనాలు వెంట రాకుండా, అక్కడ మొలకెత్తకుండా వేడిచేశాకే దేశంలోకి రానిస్తుంది. గింజ సన్నం, ఒలవడం కష్టం. ఉడుతకి గిట్టుబాటు కాని బేరం! కుసుమ గింజల్ని కూడా అక్కడి ఉడుతలు అంతగా ఇష్టపడవంటారు. తరిమే పని లేకుండా, వడ్డించేది మార్చి సమస్య తీర్చుకోవడం ఇది. ఇప్పుడు తాతయ్య పిచ్చుకలెన్ని, మనవడి గోల్డ్‌ఫించ్‌లెన్ని అని వారం వారం రెండు దేశాల మధ్య లెక్కలు నడుస్తున్నాయి.

పోయిన సంక్రాంతికి నాన్న మళ్లీ ఊరెళ్లారు. కుచ్చులు తేవాలి కదా! గౌతమికి టిక్కెట్టు తీయమన్నప్పుడు, 'రానూ పోనూ తీయమ్మా. ఆలస్యమైతే గింజలు అయిపోతాయి' అన్నారు. వంటింట్లోకి వెళ్లి ఆ టిక్కెట్లు నేను కాస్త నెమ్మదిగా తీశాను.

మీ పెరట్లోనో, మేడ మీదో పిట్టలకి తిండి పెట్టాలనుంటే ఈ నాలుగు మాటలు గుర్తుంచుకోండి. గింజల్ని చెట్టుకీ గోడకీ దూరంగా, స్తంభం మీద పెట్టండి. కింద రేకు గొడుగు బిగించండి. అది ఉడుతనే కాదు, పిల్లినీ ఆపుతుంది. పదడుగుల దూరంలో మందార లాంటి గుబురు పొద ఉంటే డేగ వచ్చినప్పుడు పిచ్చుకలు దూరడానికి పనికొస్తుంది. తడిసి బూజు పట్టిన గింజల్ని పారేయండి, పళ్లెం తరచూ కడిగి ఎండబెట్టండి. మురికి పళ్లెం నుంచి పిట్టలకి జబ్బులు అంటుకుంటాయి. మట్టి మూకుడులో రోజూ నీళ్లు మార్చండి. మొక్కలకి పురుగుల మందు కొట్టకండి. పెద్ద పిచ్చుక గింజలు తిన్నా, గూట్లో పిల్లలకి తెచ్చి పెట్టేది పురుగుల్నే. కారం, గ్రీజు, జిగురు, బోను... ఈ నాలుగింటి జోలికీ పోకండి. ఇన్ని చేసినా ఎప్పుడో ఒకరోజు ఉడుత మిమ్మల్ని ఓడిస్తుంది. ఆ రోజుకి నాలుగు గింజలు దాని ఖాతాలో రాసేసి, మర్నాడు ఏ తాడు ఎక్కడ తగులుతోందో తీరిగ్గా వెతుక్కోండి.